ఒడీల్ గారి పొలంలో దారి

షికూటిమీ,
అక్టోబరు 18

ఒడీల్ గోద్రో గారికి,
రొజేర్ దుషేన్ నమస్కరించి రాయునది. మీరూ, మీ కోళ్ళూ, పోయినేడు మరమ్మతు చేయించిన మీ పొగగొట్టమూ క్షేమమని తలుస్తాను.

ప్రతి అక్టోబరులో లాగే మన మంచుబండ్ల క్లబ్బు తరఫున అడుగుతున్నాను. ఈ శీతాకాలం కూడా మీ పొలంలోంచి మంచు మీద మా మోటారుబండ్లను పోనివ్వండి. మీ పొలం దాటితేనే అడవి, అడవి దాటితేనే బ్రోషే సరస్సు. మీరు కాదంటే మాకు సరస్సు లేనట్టే.

ఎప్పుడూ నేనే వచ్చి, మీ వంటింట్లో కూర్చుని, మీరు చేసే పంచదార ‘పై’ రొట్టె తిని మరీ అడిగేవాణ్ణి. ఈసారి ఉత్తరంతో సరిపెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి సిల్వీ ఇంట్లో చిన్న పని పడి కొన్నాళ్ళు పట్నంలో ఉండాల్సి వచ్చింది. మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే ఎదురింటి కిటికీ. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినా చలిగాలి తగిలితే నా ప్రాణం ఊరుకోదండీ. రోజూ పొద్దున్నే లేచి ఆకాశం వంక చూస్తున్నాను.

ఇట్లు,
మీ రొజేర్

తా.క. ఊరేసిన బీట్‌రూట్ సీసా ఈసారి పోస్టులో పంపాను. పోస్టుమాన్ చొక్కా ఎర్రగా కనిపిస్తే కంగారుపడకండి, సీసా పగిలిందన్నమాట.


నాలుగో వరస రోడ్డు,
అక్టోబరు 27

రొజేర్ గారికి,
ఒడీల్ రాసేది. సీసా క్షేమం, పోస్టుమాన్ చొక్కా క్షేమం.

ఈ ఏడు దారి ఇవ్వను. కారణం అడక్కండి.

మా ఆయన అర్మాన్ బతికున్నన్నాళ్ళూ ఇచ్చాం, ఆయన పోయాక కూడా ప్రతి ఏడూ ఇచ్చాను. ఇస్తూనే ఉండాలని చట్టమేం లేదు కదా. ఎవరి పొలం వారిష్టం.

మీరు వస్తారని ‘పై’ చేసి, కొత్త మేజాగుడ్డ పరిచి కూర్చున్నాను. మీ బదులు పక్కింటి విల్‌బ్రో వచ్చాడు, బాకీ వసూలు చేసుకున్నట్టు మొత్తం తినేసి పోయాడు. మీకేం, క్లబ్బు అధ్యక్షులు, పట్నవాసులు. మాలాంటి వాళ్ళకు ఉత్తరం చాలనుకున్నారు.

ఇంతే సంగతులు,
ఒడీల్

తా.క. మీ చేతిరాతకేమైంది? కోళ్ళు కెలికిన పెంటలా ఉంది. నా కోళ్ళకు చూపించాను, వాటికీ అర్థం కాలేదు.


షికూటిమీ,
నవంబరు 6

ఒడీల్ గారికి,
మీ ఉత్తరం చదివి తిండి సయించలేదు. సిల్వీ ‘ఏమైంది నాన్నా’ అంటే చలి అని చెప్పాను. హీటరు పక్కన కూర్చుని చలేమిటని చీవాట్లు పెట్టింది.

కారణం అడగొద్దన్నారు. అడగను, నేనే ఊహిస్తాను. పోయినేడు గాన్యోన్ వాళ్ళ కుర్రాడు మీ కంచె మీదికి బండి ఎక్కించాడు, అవునా? మీ కిటికీ పక్కనుంచి కేకలు వేస్తూ పోయారు, అవునా? ఆ చప్పుడు మీకు పడటం లేదు. నాకు ముందే తట్టాల్సింది.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. దారిని మీ కొట్టం వెనక్కి మార్చేస్తాం. మీకు కనపడదు, వినపడదు. వచ్చే శనివారం మన వాళ్ళను పంపుతాను, కొలిచి కర్రలు పాతిపోతారు.

ఒడీల్ గారూ, మీకు చెప్పడానికి సిగ్గెందుకు. ఆ సరస్సు లేకపోతే నాకు శీతాకాలమే లేదు. అడవి అయిపోయి, చెట్లు రెండుపక్కలా తప్పుకుని, ఒక్కసారిగా తెల్లగా ఎదురొస్తుంది చూడండి, అప్పుడు నాకు నా వయసు గుర్తుండదు. అవతలి ఒడ్డున మన గుడిసె, పొయ్యి, బఠాణీల సూప్. అర్మాన్ అక్కడే కదా పొయ్యికి చాలా దగ్గర కూర్చుని ప్యాంటు కాల్చుకున్నాడు. ఇక్కడ ఇప్పటికే రెండుసార్లు మంచు పడింది. పడీ పడగానే లారీలేసుకొచ్చి చెత్త ఎత్తినట్టు ఎత్తుకుపోతున్నారు. నేను కిటికీలోంచి చూసి వాళ్ళను తిడుతున్నాను.

ఇట్లు,
రొజేర్

తా.క. చేతిరాత తప్పు నాది కాదు, పెన్నుది.


నాలుగో వరస రోడ్డు,
నవంబరు 15

రొజేర్ గారికి,
కొట్టం వెనక్కా! మీకు మతి ఉందా? ఊళ్ళో ఇంత స్థలం ఉండగా సరిగ్గా అక్కడే కావలసి వచ్చిందా?

శనివారం మీ మనుషులు ముగ్గురు కర్రలు పట్టుకుని వచ్చారు. చీపురు పట్టుకుని వెళ్ళి గేటు దగ్గరే ఆపేశాను. వాళ్ళలో పెద్దాయన ‘మేం ఊరికే కొలుస్తామమ్మా’ అన్నాడు. ‘కొలవాలంటే ముందు ఈ చీపురు పొడుగు కొలుచుకో’ అన్నాను. ఇంకెవర్నీ పంపకండి. మా ఇంట్లో కుక్క లేదు నిజమే, నేనున్నాను.

చప్పుడు గురించి నేనేమన్నా అన్నానా? మీ అంతట మీరే అనుకుని, మీ అంతట మీరే ఉపాయాలు పన్నుతున్నారు. ఎదురుగా వచ్చి కూర్చుని ఉంటే ఈ గొడవే లేదు.

ఇంతే సంగతులు,
ఒడీల్

తా.క. నా తోడికోడలి స్నేహితురాలు ఒకావిడ మిమ్మల్ని అడగమంది. నాలుగేళ్ళు కదలని బండికి తాడు లాగితే కాస్త దూరం పోయి, రెండుసార్లు దగ్గి ఆగిపోతోందట. ఏం చెయ్యాలి?

మళ్ళీ తా.క. మలుపులో మనిషి ఎటు ఒరగాలి, లోపలికా బయటికా? అదీ ఆవిడే అడిగింది. తొందరగా రాయండి, పాపం ఆవిడకు మోచేతులు దోక్కుపోయాయి.


షికూటిమీ,
నవంబరు 26

ఒడీల్ గారికి,
తోడికోడలి స్నేహితురాలా! మీ తోడికోడలు ఫ్లోరిడాలో ఉంటుంది. అక్కడ మంచుబండితో ఆవిడ స్నేహితురాలు ఏం చేస్తుందండీ, ఇసుక దున్నుతుందా?

నాకు అర్థమైపోయింది. నాలుగేళ్ళు కదలనిది అర్మాన్ బండి ఒక్కటే. అమ్మేస్తున్నారు. కొనేవాడు మిమ్మల్ని ప్రశ్నలడుగుతున్నాడు, మీరు నన్నడుగుతున్నారు. దారి ఎందుకివ్వనన్నారో కూడా ఇప్పుడు తెలిసింది. బండి అమ్మేసి, దారి మూసేసి, అర్మానూ లేడు, మనమూ లేము అనుకుంటే సరిపోతుందనుకున్నారు.

అడిగారు కాబట్టి చెబుతాను, నేర్చిన విద్య దాచుకోకూడదు. పాత పెట్రోలంతా తీసెయ్యాలి, కార్బురేటర్ కడగాలి, కొత్త ప్లగ్గు వెయ్యాలి. మలుపులో లోపలికి ఒరగాలి. బయటికి ఒరిగితే మనిషి ఒకచోట, బండి ఒకచోట ఉంటాయి.

కానీ అమ్మకండి. మీకు పుణ్యముంటుంది. ఆ బండి వెనకాలే నేను ఎన్నో ఏళ్ళు సరస్సు దాటాను.

ఇట్లు,
బాధతో, రొజేర్

తా.క. ఉత్తరం అంటించబోతుంటే విల్‌బ్రో ఫోన్ చేశాడు. మీ కొట్టం వెనక ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న మనిషెవడో అర్మాన్ బండి మీద గుండ్రంగా తిరుగుతున్నాడట. పడ్డాడట. పడి నవ్వుతున్నాడట! ఎవడు వాడు?


నాలుగో వరస రోడ్డు,
డిసెంబరు 2

రొజేర్ గారికి,
బండి అమ్మలేదు, అమ్మను. విల్‌బ్రోకి కంచె మీదినుంచి తొంగిచూడటం తప్ప వేరే పని లేదు.

ఎర్ర హెల్మెట్ మనిషి గురించి మీకెందుకు? నా ఇంట్లో ఉంటాడు, నా బల్ల దగ్గర తింటాడు, నేను పెట్టింది వంక పెట్టకుండా తింటాడు. పిలవకుండానే వస్తాడు. ఉత్తరాలు రాయడు.

ప్లగ్గు మార్చాక బండి బాగా నడుస్తోంది. థాంక్స్.

ఇంతే సంగతులు,
ఒడీల్

తా.క. నా కోళ్ళు మాత్రం గుడ్లు పెట్టడం మానేశాయి. రెండుసార్లు వాటి గూట్లోకి వెళ్ళిపోయింది బండి.


షికూటిమీ,
డిసెంబరు 8

ఒడీల్ గారికి,
ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. ఎర్ర హెల్మెట్ వారికి నా నమస్కారాలు చెప్పండి. వాడెవడో నాకంటే చిన్నవాడే అయ్యుంటాడు. బొటనవేలు బాగానే ఉండుంటుంది.

బొటనవేలేమిటంటారా. పెన్నుది తప్పన్నాను, అబద్ధం. నేను ఎడంచేత్తో రాస్తున్నాను. సెప్టెంబరులో కుడి బొటనవేలి మొదట్లో కీలు పూర్తిగా అరిగిపోయిందని కోసి కుట్టారు. బండికి ఊపిరంతా ఆ వేలితో మీట నొక్కడంలోనే ఉంది కదా. ఇప్పుడు కాఫీ కప్పు పట్టుకోవడమే గగనం. ‘ఇంక బండి నడపడం మర్చిపోండి తాతగారూ’ అన్నాడు డాక్టరు, ఏదో సిగరెట్లు మానమన్నంత తేలిగ్గా. సిల్వీ నా బండి తాళాలు దాచేసింది. ఎక్కడ దాచిందో నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

మీ ఇంటికి అందుకే రాలేదు. కప్పు చేతిలో వణికితే మీరు చూస్తారు. చూసి అడుగుతారు. ఏం చెప్పను? నా మొహం చూసి మీరు జాలిపడితే ఇక నేను బతకలేననిపించింది.

నేను రాలేను కానీ దారి మాత్రం ఇవ్వండి. వీళ్ళు వెళ్తున్నారని తెలిస్తే ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుని, ఇప్పుడు అడవి దాటుంటారు, ఇప్పుడు సరస్సు మీదికొచ్చుంటారు అనుకుంటాను. అదన్నా మిగలనివ్వండి.

ఇట్లు,
రొజేర్

తా.క. వాడు కాఫీలో పంచదార ఎంత వేసుకుంటాడు?

మళ్ళీ తా.క. చెప్పకండి. అక్కర్లేదు.


నాలుగో వరస రోడ్డు,
డిసెంబరు 13

రొజేర్,
‘గారు’ తీసేశాను. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

పంచదార అసలు వేసుకోదు. ఆ ఎర్ర హెల్మెట్ మనిషిని నేనే.

నవ్వావా? నవ్వు, పర్లేదు. డెబ్బై నాలుగేళ్ళ ముసలిది కోళ్ళగూట్లోకి బండి తోలుకుపోతుంటే క్లబ్బు వాళ్ళంతా కిటికీ పక్కనుంచి చూసిపోతారనే నేను దారి ఇవ్వనన్నది. నేర్చుకునేదాకా ఎవరూ చూడకూడదనుకున్నాను. నువ్వేమో సరిగ్గా కొట్టం వెనక్కే పంపించావు నీ కర్రల వాళ్ళను!

ఎందుకీ పిచ్చి అంటావా? ఇన్నేళ్ళూ నేను సరస్సుకు వెళ్ళింది వెనక సీట్లో. అర్మాన్ ఎంత లావో నీకు తెలుసు. ఆయన జాకెట్ వెనక కుట్టిన దుప్పి బొమ్మ కొమ్ములన్నీ నాకు కంఠస్థం. ఆగాక దిగి చూసిన సరస్సు వేరు. చెట్లు తప్పుకుని అది ఎదురొస్తుందే, అది నేను ఒక్కసారి కూడా చూడలేదు. ప్రతి అక్టోబరులో నువ్వు నా వంటింట్లో కూర్చుని ‘పై’ తింటూ అదే చెప్పేవాడివి. నువ్వు వెళ్ళిపోయాక నేను చాలాసేపు కప్పులు కడక్కుండా కూర్చునేదాన్ని. అసూయ అనుకున్నాను. అదొక్కటే కాదని ఈ అక్టోబరులో, నువ్వు రానప్పుడు తెలిసింది.

దారి ఇస్తున్నాను. కర్రలు ఎప్పటి చోటే పాతమను. కానీ ఒక షరతు. మొదటిరోజు అందరికన్నా ముందు నా బండి పోవాలి, వెనక సీట్లో నువ్వుండాలి. కూర్చోవడానికి బొటనవేలు అక్కర్లేదు. సిల్వీకి ఫోన్ చేశాను. డాక్టర్ని అడిగింది. నడపకూడదన్నాడు గానీ కూర్చోకూడదనలేదట. ఆ పిల్ల ఫోన్లో ఏడ్చింది, నేనూ ఏడ్చాను, తర్వాత ఇద్దరం నిన్ను తిట్టుకున్నాం. శనివారం పొద్దున్నే కారేసుకుని వస్తాను, తయారుగా ఉండు. కప్పు వణికితే వణకనీ, సగమే పోస్తాను.

అడవి అయిపోగానే నేను కాస్త పక్కకి ఒరుగుతాను. ఇద్దరికీ కనపడుతుంది.

ఒడీల్

తా.క. వెనక కూర్చున్నవాళ్ళు ముందువాళ్ళ నడుం గట్టిగా పట్టుకోవాలన్నది క్లబ్బు నియమం. పెట్టింది నువ్వే. విల్‌బ్రో కంచె మీదినుంచి చూస్తాడు. చూడనీ.