ఒకరి పేర ఒకటే

భన్‌పురి,
2 ఆగస్టు 2016

స్టోర్స్ కొండలరావు బాబాయి గారికి పై అంతస్తు నుంచి ఫణిశ్రీ నమస్కారాలు.

మీరు నోటిమాట వినరు, కాగితం కావాలంటారు గనక రాస్తున్నాను. మన తూకం యంత్రం అర బస్తా దాటగానే బిగుసుకుపోతోంది. లోపలి చిప్‌లో ప్రోగ్రాం ఎక్కడ ఆగుతోందో చూపించేది డీబగ్గర్. దాని ప్లగ్ మన చిప్‌కి పట్టదు, మధ్యలో అడాప్టర్ బోర్డు తగిలించాలి. రెండూ మీ బీరువాలో ఉన్నాయి. ఇప్పించండి. నెలాఖరులోగా యంత్రం నడిస్తేనే నన్ను పర్మనెంట్ చేస్తానని మన ఓనరు సేఠ్‌జీ అన్నారు.

ఫణిశ్రీ

తా.క. నా బల్లకీ మీ కుర్చీకీ మధ్య పద్దెనిమిది మెట్లు. ఉత్తరానికి రెండు రోజులట!

4 ఆగస్టు

చిరంజీవి ఫణిశ్రీని ఆశీర్వదించి కొండలరావు రాయునది.

డీబగ్గర్ పంపాను. బోర్డు కుదరదు. ఒకరి పేర ఒకసారి ఒకటే వస్తువు. వ్యాగన్ వర్క్‌షాపు స్టోర్స్ ముప్పై ఒక్క ఏళ్ళు ఇలాగే నడిపాను, ఒక్క సుత్తి పోలేదు. పొద్దున డీబగ్గర్ వాడుకుని వాపసు చెయ్యి, మధ్యాహ్నం బోర్డు పట్టుకెళ్ళు.

కొండలరావు

తా.క. మీ నాన్న పరదేశి కూడా స్పానర్ తిరిగిచ్చాకే నా దగ్గర బోల్టు తీసుకునేవాడు.

10 ఆగస్టు

బాబాయి గారికి నమస్కారం.

విడివిడిగా ఇవి దేనికీ పనికిరావు. తాళం పొద్దున, తాళంచెవి మధ్యాహ్నం ఇస్తే తలుపు తీసేదెలా? ఇరవై రోజులే ఉన్నాయి.

ఫణిశ్రీ

తా.క. నాన్నని అడిగాను. ఆ బోల్టులు చేత్తోనే తిప్పేవాడట. "ఆ వ్యాగన్లు నువ్వు ఎక్కలేదు కదా?" అని కంగారుపడ్డాడు.

13 ఆగస్టు

చిరంజీవి ఫణిశ్రీకి,

తాళం పాడైందని మొదటే రాయొద్దూ? కొత్తది పంపాను. చెవితో కలిపి ఒకే వస్తువుగా రాసుకున్నాను, అది నా అభిమానం. ఇప్పుడు నీ పేర తాళం ఉంది గనక డీబగ్గర్ వెంటనే వాపసు చెయ్యి.

కొండలరావు

తా.క. డెస్పాచ్‌లో కిరణ్ పేర ఏమీ లేదు. అతన్ని అడిగి చూడు తల్లీ.

25 ఆగస్టు

బాబాయి గారికి నమస్కారం.

తాళం వాపసిచ్చి, కిరణ్ పేర డీబగ్గర్, నా పేర బోర్డు తీసుకున్నాం. రెండూ తగిలించాను. నేను ప్రోగ్రాం వరసవరసా వెతుకుతుంటే కిరణ్ పక్కన కూర్చుని ఫోన్‌లో క్రికెట్ చూశాడు. నాలుగో రోజుకి తప్పు దొరికింది, సరిచేశాను. నిన్న యంత్రం రెండు బస్తాలు తూచింది. సేఠ్‌జీకి రిపోర్టు మీ నుంచే వెళ్ళాలట. నా పేరు రాయండి బాబాయి గారూ.

ఫణిశ్రీ

తా.క. డీబగ్గర్ మీది నూనె కిరణ్ సమోసాది. ఈ పనిలో అతని చెయ్యి పడింది అక్కడొక్కచోటే.

30 ఆగస్టు

చిరంజీవి ఫణిశ్రీని ఆశీర్వదించి రాయునది.

సేఠ్‌జీ "కిస్‌నే ఠీక్ కియా?" అని, బాగుచేసిందెవరని అడిగారు. నోటిమాట నాకు అలవాటు లేదు, రిజిస్టరు తెరిచి పెట్టాను. డీబగ్గర్ కిరణ్ పేర, చిన్న బోర్డు నీ పేర ఉన్నాయి. పెద్ద సామాను ఎవరి దగ్గరుంటే పని వాళ్ళదే కదా అన్నారు. కిరణ్‌ని పర్మనెంట్ చేశారు. నీకు అతని కింద హెల్పర్‌గా ఇంకో ఆరు నెలలు ప్రొబేషన్. అదీ నేను గట్టిగా చెప్పబట్టే. మీ నాన్నకి ఈ సంగతి చెప్పు, సంతోషిస్తాడు.

కొండలరావు

తా.క. డీబగ్గర్‌కి బోర్డు ఎటువైపు తగిలించాలని కిరణ్ అడుగుతున్నాడు, రేపు వచ్చి నేర్పించు. చేతులూపుకుంటూ రావచ్చు. రెండూ అతని పేరనే రాసిచ్చాను. పర్మనెంట్ మనిషి, రెండిస్తే మాత్రం ఏం పోతుంది?