తెరమీద నీ కొర్రమీను

చెల్లీ,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. ఉదయం నీ సమాధి మీద పూలు పెట్టి, తాడేపల్లిగూడెం కాలేజీకి వెళ్లాను. కేన్సర్ కణాల మీద మాట్లాడటానికి నువ్వు పరిశోధన చేసిన ఢిల్లీ ల్యాబ్ నుంచి నీ ప్రొఫెసర్ వచ్చాడు. వార్త కోసం నన్ను పంపింది మా పత్రికాఫీసే. కానీ ఆయన కోసం నేను రెండేళ్లుగా కాచుకుని ఉన్నాను.

ఆహారం అందని కేన్సర్ కణం తనలోని పాత భాగాలనే తిని బతుకుతుందట. ఆ దారి మూసేస్తే చస్తుందట. ఈ రకం కణాల్లో దాన్ని మొదట గమనించింది తానేనంటూ తెరమీద ఫోటో చూపించాడు. నీ పేరు ఎత్తలేదు. ఫోటో మూలన మాత్రం తెలుగులో నీ చేతిరాత ఉంది.

లేచి, అక్కడ ఏం రాసి ఉందని ఇంగ్లిషులో అడిగాను. తెలుగు రాని ఆయన తిరిగి చూసి, అది తన ల్యాబ్ కోడ్ అన్నాడు.

"కోడ్ కాదండీ బాబూ, కొర్రమీను!" అంది చేపల చెరువుల ఊరు కలిదిండి నుంచి వచ్చిన ఓ విద్యార్థిని. హాలంతా గొల్లున నవ్వింది.

చెరువు ఎండినా బురదలో బతికే చేప కాబట్టి, నేను చూసిన మొండి కణాలకు ఆ పేరు పెట్టానని నీ నోటుబుక్కులో తేదీతో సహా రాసుకున్నావు. వెంట తెచ్చిన ఆ పుస్తకంలో ఆ పేజీ తీసి అందరికీ చూపించాను.

వేదిక దిగాక, ఇది పేపర్లో వేస్తారా అని ఆయన మెల్లగా అడిగాడు. నేను పెన్ను తీశాను.

"మీ పూర్తి పేరు, హోదా చెప్పండి సార్. పేరు వదిలేయడం మా వృత్తిలో కుదరదు."

అన్నయ్య