రెండు వందల పద్నాలుగు లీడ్లు

ఉదయగిరి,
7-7-2025.

లక్ష్యసిద్ధి డిజిటల్ సర్వీసెస్, ఆత్మకూరు వారికి,

సలాం. నా పేరు చాంద్‌బీ. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతాను. నాతో కలిపి మా పాకలో పన్నెండుమంది ఆడవాళ్ళం పని చేస్తాం. ఫోన్‌లో వెతికేవాళ్ళకు మా సరుకు కనబడేట్టు ప్రకటన వేయించాలని మా కోడలు సాయిరా కిందటి నెల మీ ఆఫీసుకు వచ్చి, ఆరు నెలలకు అగ్రిమెంటు రాయించుకుంది. మొదటి వారంలోనే నలభై లీడ్లు పంపుతామని మీరు చెప్పారట.

పది రోజులైంది. ఒక్క లీడూ చేరలేదు. బస్టాండులో పార్సిలు ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళి అడిగాను. అక్కడాయన "ఏం సరుకమ్మా అయ్యి, పగిలేటియా?" అన్నాడు. అవేమిటో నాకూ తెలియదు. జాగ్రత్తగా దించమని మాత్రం చెప్పి వచ్చాను. నలభై అంటే పెద్ద మూటే ఉంటుందని పాకలో ఒక మూల ఖాళీ చేసి పెట్టాం. ఏ రోజు, ఏ బస్సులో వేశారో తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
చాంద్‌బీ

తా.క.: తడిస్తే పాడయ్యేవైతే పైన పట్టా కప్పి పంపండి. ఇక్కడ మబ్బు పట్టి ఉంది.


ఆత్మకూరు,
11-7-2025.

గౌరవనీయులైన చాంద్‌బీ మేడమ్ గారికి,

నమస్కారం. నేను పవన్‌ని. ఈ ఆఫీసులో కస్టమర్ల సంగతులు చూసేది నేనే. లీడ్ అంటే వస్తువు కాదు మేడమ్, మనిషి. ఫలానా సరుకు ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా ఫోన్‌లో వెతికితే, అందరికంటే పైన మీ ప్రకటన కనబడుతుంది. దాన్ని నొక్కితే మీ నంబరుకు ఫోన్ వెళుతుంది. అలా ఫోన్ చేసినవాళ్ళే లీడ్లు. ప్రకటన కాస్త ఆలస్యమైన మాట నిజం. సోమవారం నుంచి నడుస్తుంది. ఫోన్ దగ్గర పెట్టుకోండి. ఇకపై ఏదైనా ఉంటే వాట్సాప్ చేయండి, ఉత్తరం రాసే శ్రమ వద్దు.

భవదీయుడు,
పవన్

తా.క.: మా ఆఫీసుకు ఉత్తరం రావడం ఇదే మొదలు. మేనేజరు రామనారాయణ గారికి చూపించాను. ఆయన చదవలేదు గానీ, స్టాంపు బాగుందని ఊడదీసి వాళ్ళ పాపకు తీసుకెళ్ళారు.


ఉదయగిరి,
28-7-2025.

పవన్ గారికి,

సలాం. వాట్సాప్ చేయమన్నారు. మీ ప్రకటన మొదలైనప్పటి నుంచి ఆ ఫోన్ ఒక్క నిమిషం ఖాళీగా ఉంటే కదా. అందుకే మళ్ళీ ఉత్తరం.

మనుషులు వస్తారన్నారని, మూల ఖాళీ చేసిన చోట చాప పరిచాం. మొదటి లీడ్ మర్రిపాడు నుంచి కామయ్య.

"అమ్మా, ఫోర్కు వంగిపొయ్యింది. సరిచేస్తారా?" అన్నాడు.

"మాయి వంగవు నాయనా, మరీ గట్టిగా పట్టుకుంటే విరుగుతాయి" అన్నాను.

"నాది ఇనపది."

"ఇనపదాంతో ఏం తింటా ఉండావు నువ్వు?"

ఆయనకు కోపం వచ్చి, బండిని ఆటోలో వేసుకుని మధ్యాహ్నానికి మా వాకిట్లో దిగాడు. మోటారు సైకిలు ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే గొట్టాలను కూడా ఫోర్కు అంటారని నాకు ఆ రోజు తెలిసింది. మేకను తప్పించబోయి కల్వర్టుకు గుద్దాడట. మా వీధి చివర జబీవుల్లా మెకానిక్ షాపు ఉంది. అక్కడికి తోలించి, బాగయ్యేదాకా చాప మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పోతూ రెండు గరిటెలు కొనుక్కుపోయాడు. ఆ తర్వాత వంగిన ఫోర్కులు ఇంకా తొమ్మిది వచ్చాయి. జబీవుల్లా మీకు సలాం చెప్పమన్నాడు.

ఇక దువ్వెన కోసం ఫోన్ చేసేవాళ్ళందరికీ జుట్టు రాలిపోతోంది. కావలి నుంచి ఒకాయన నడినెత్తి ఫొటో తీసి పంపి, ఎన్నాళ్ళలో మొలుస్తుందని అడిగాడు. "నా దువ్వెన ఉండే జుట్టును దువ్వుతాది. లేనిదాన్ని మొలిపించదు" అని చెప్పాను. ఇంత నిజం తనకు డాక్టర్లు కూడా చెప్పలేదని, వాళ్ళ ఆవిడకు ఒకటి తీసుకున్నాడు.

ఇట్లు,
చాంద్‌బీ

తా.క.: చెంచా కోసం మాత్రం ఇంతవరకు ఒక్కరూ ఫోన్ చేయలేదు. అది కూడా ప్రకటనలో ఉందా?


ఆత్మకూరు,
4-8-2025.

చాంద్‌బీ మేడమ్ గారికి,

నమస్కారం. ఫోర్కు విషయంలో పొరపాటు మాదే. ఆ మాట తీసేశాం. మేనేజరు గారు మీ రిపోర్టు చూశారు. మీకు కన్వర్షన్ చాలా తక్కువగా ఉందని విచారించారు. కన్వర్షన్ జరగాలంటే రెండు మార్పులు తప్పవని నిర్ణయించారు.

ఒకటి, పేరు. చాంద్‌బీ అనే పేరు తీసేసి 'చంద్రికా నేచురల్స్' అని పెడతాం. రెండు, ఫొటో. మీ చేతుల ఫొటోకు క్లిక్కులు, అంటే నొక్కేవాళ్ళు, తక్కువ. అది తీసేసి, పట్టుచీర కట్టి, బొట్టు పెట్టుకున్న ఒక అమ్మాయి ఫొటో పెడతాం. దాని నకలు జతచేశాను. ఆ అమ్మాయి చేతిలో కత్తి, గరిటె ఉన్నాయి, చూడగలరు. కన్వర్షన్ పూర్తయ్యేవరకు మా బృందం మీ వెంటే ఉంటుంది. భయపడవద్దు.

భవదీయుడు,
పవన్

తా.క.: నెలాఖరులోగా మీ పాక నుంచి పన్నెండు కన్వర్షన్లు మా టార్గెట్.


ఉదయగిరి,
8-8-2025.

పవన్‌కు,

ఈసారి గారు లేదు. మీ ఉత్తరం పాకలో అందరి ముందూ గట్టిగా చదివించాను. పన్నెండు అని లెక్క కూడా వేసుకున్నారు. మేం పన్నెండుమంది అని మీకు రాసి ఇచ్చింది నేనే, నా బుద్ధితక్కువ.

మా నాయన, ఆయన నాయన ఇదే ఊళ్ళో చెక్క చెక్కారు, ఇదే ఊళ్ళో నమాజు చేశారు. గరిటెలు అమ్ముకోవడానికి మేం మతం మారాలని ఏ అగ్రిమెంటులో ఉంది? సాయిరా చేత ఇంగ్లీషులో సంతకం పెట్టించుకున్నది ఇందుకా?

మా పెంచలమ్మ నా పక్కనే కూర్చుని ముప్పై ఏళ్ళుగా చెక్కుతోంది. నాకంటే తనకే ఎక్కువ కోపం వచ్చింది. "నేను పుట్టినకాడి నుంచి బొట్టు పెట్టుకుంటానే ఉండా. నన్ను దేంట్లోకి మారస్తారంట? అడుగు చాందూ, ఊరకే ఇడవబాక" అంటోంది. కాబట్టి మీ టార్గెట్ పన్నెండు కాదు, పదకొండు. ఆ పదకొండూ జరగవు.

మా అన్న బర్కతుల్లా ఆత్మకూరుకు వ్యాను మాట్లాడాడు. ఎక్కేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడు. చోటు చాలక రెండోది చూస్తున్నాడు.

చాంద్‌బీ

తా.క.: ఆ ఫొటోలో అమ్మాయి కత్తిని తిరగేసి పట్టుకుంది. ఒక్కసారి చెక్కితే బొటనవేలు పోతుంది. మా సంగతి మేం చూసుకుంటాం గానీ ముందు ఆ పిల్ల చేతిలోంచి కత్తి తీసుకోండి.


ఆత్మకూరు,
11-8-2025.

పూజ్యులైన చాంద్‌బీ అమ్మ గారికి,

పాదాభివందనాలు. కన్వర్షన్ అంటే మా వ్యాపారంలో మతం కాదమ్మా. ఫోన్ చేసినవాళ్ళు సరుకు కొంటే దాన్ని కన్వర్షన్ అంటాం. వందమంది అడిగి పదిమంది కొంటే పది కన్వర్షన్లు. అంతకుమించి దానికి ఏ అర్థమూ లేదు. నేను తెలుగులో రాసి ఉండాల్సింది. నాదే తప్పు, క్షమించండి. ఈ ఉత్తరం కూడా దయచేసి గట్టిగా చదివించండి.

పేరు మార్చడం లేదు, ఫొటో మార్చడం లేదు. మీ పేరుతో, మీ ఫొటోతో ప్రకటన ఇదివరకటిలాగే నడుస్తుందని మేనేజరు గారు రాయమన్నారు.

మీ విధేయుడు,
పవన్

తా.క.: రామనారాయణ గారు రెండు రోజులుగా వెనకవైపు మెట్ల మీదుగా వస్తున్నారు. వ్యాను బయలుదేరేట్టయితే నాకొక్కడికి ముందుగా తెలియజేయగలరు. సెలవు చీటీ రాసి పెట్టుకున్నాను, తేదీ ఒక్కటే వేయాలి.


ఉదయగిరి,
5-9-2025.

పవన్ బాబుకు,

సలాం. ఉత్తరం గట్టిగానే చదివించాను. వ్యాన్లు మానుకున్నాం. అన్న కొంచెం నిరుత్సాహపడ్డాడు.

మతం సంగతి పొరపాటే అనుకుందాం. పేరు మార్చమన్నది పొరపాటు కాదు కదా. తెలిసే రాశారు. అందుకని నేనూ తెలిసేట్టు రాస్తున్నాను. నా పేరు చంద్రిక కాదు. ఏ గరిటె ఎవరు చెక్కారో కాడ పట్టుకుని మా పాకలో కళ్ళు మూసుకుని చెబుతారు. పెంచలమ్మ మెడ సన్నగా తీస్తుంది. నేను కాడ చివర చిన్న చేపను చెక్కుతాను. ఆ చేప కింద వేరే పేరు పెట్టి అమ్మితే అది దొంగ సరుకు అవుతుంది. చాంద్‌బీ పేరు చూసి కొననివాళ్ళు కొనవద్దు. వాళ్ళ కూర వాళ్ళు చేత్తో కలుపుకుంటారు.

గిరాకీ మాత్రం బాగుంది. ఉత్త ఆగస్టులోనే రెండు వందల పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. మీ రిపోర్టు ఇంకా రాలేదు, పంపగలరు.

ఇట్లు,
చాంద్‌బీ

తా.క.: నా చేతుల ఫొటోకు క్లిక్కులు తక్కువన్నారు. నలభై ఏళ్ళు చెక్క పట్టిన చేతులు, నొక్కడానికి కొంచెం గట్టిగానే ఉంటాయి.


ఆత్మకూరు,
10-9-2025.

చాంద్‌బీ అమ్మ గారికి,

నమస్కారం. లక్ష్యసిద్ధి డిజిటల్ సర్వీసెస్ ఆగస్టు నెల రిపోర్టు: మా బృందం నిరంతర కృషి ఫలితంగా మీకు ఈ నెల వచ్చిన లీడ్లు 214. ఇది మా కంప్యూటర్ లెక్క. ఈ విజయాన్ని పురస్కరించుకుని అగ్రిమెంటు మరో సంవత్సరం పొడిగించుకోవలసిందిగా కోరుతున్నాం.

భవదీయుడు,
పవన్

తా.క.: పైన ఉన్నది ఆఫీసు రాయించింది. ఇక్కడి నుంచి నేను రాస్తున్నాను. వ్యాన్ల సంగతి రాసిన మీ ఉత్తరం అందిన రోజే, ఆగస్టు తొమ్మిదిన, మీ ప్రకటన ఆపేశారమ్మా. మీరు కట్టిన రుసుముతో మిషను గరిటెల ఫ్యాక్టరీ ఒకదాని ప్రకటన నడుపుతున్నారు. ఇదివరకటిలాగే నడుస్తుందని నేను రాసిన రోజుకే అది ఆగి ఉంది. అప్పుడు నాకు తెలియదు, తర్వాత తెలిసింది. మీ ఉత్తరంలో ఉన్న సంఖ్యనే చూసి రిపోర్టులో వేయమన్నారు, వేశాను. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఈ కాగితం ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు.


ఉదయగిరి,
22-9-2025.

చిరంజీవి పవన్‌కు,

దీవెనలు. నువ్వు రాసింది నాకు ముందే తెలుసు నాయనా. సాయిరా రోజూ ఫోన్‌లో వెతికి చూస్తుంది. ఆగస్టు రెండో వారం నుంచి మేం కనబడలేదు, ఇంకెవరో కనబడ్డారు. ఆ ప్రకటనలో ఉన్న గరిటె కాడ మీద నా చేప ఉంది.

కిందటి గురువారం పన్నెండుమందిమీ బస్సెక్కి మీ ఆఫీసుకు వచ్చాం. నువ్వు లేవు. సెలవు చీటీలో తేదీ వేసుకున్నావని అర్థమైంది. రామనారాయణ గారు "కూర్చోండమ్మా, టీ తెప్పిస్తా" అన్నాడు.

పెంచలమ్మ "టీ వద్దు సార్. మా ప్రకటన ఏడుండాదో చూపిచ్చండి" అంది.

"నడస్తానే ఉండాది గదమ్మా. పోయిన నెల్లో రెండొందల పద్నాలుగు లీడ్లు వచ్చినాయి మీకు."

"ఆ లెక్క ఎవురు చెప్పినారు సార్?" అని నేనడిగాను.

"కంప్యూటర్ చెప్పిందమ్మా. అది తప్పు చెప్పదు."

"నా ఫోను ఆగస్టులో ఇరవై రోజులు రిపేరులో ఉండింది సార్. రెండొందల పద్నాలుగు మా గ్యాస్ బుక్కు చివర ఉండే నంబరు. రాసేటప్పుడు ఎదురుగా కనపడింటే రాసినాను. మీ కంప్యూటర్‌కి మా గ్యాస్ బుక్కు ఎట్ల దొరికింది?"

ఆయన నీళ్ళ సీసా మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. సాయిరా ఫోన్‌లో ఆ ఫ్యాక్టరీ ప్రకటన తెరిచి ఆయన ముందు పెట్టింది. నేను సంచిలోంచి చేప గరిటె తీసి దాని పక్కన పెట్టాను. మధ్యాహ్నందాకా అక్కడే కూర్చున్నాం. ప్రకటన వేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు మా ముఖాలు చూసి, సంగతి అడిగి తెలుసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. మూడోవాళ్ళు వచ్చేలోపు ఆయన ఆ ఫొటో తీసేశాడు, అగ్రిమెంటు రద్దు చేశాడు, కట్టింది వెనక్కి ఇచ్చాడు. తప్పు జరిగిందని కాగితం మీద రాయమన్నాను. రాశాడు. తెలుగులోనే రాయించాను.

నీ తాజా కలం ఎవరికీ చూపించలేదు. అవసరం పడలేదు. నీ ఉద్యోగం ఉంచుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం, నా వల్ల మాత్రం పోకూడదు. అబద్ధం ఆఫీసు కాగితం మీద రాసి, దాని కిందే నిజం రాసినవాడివి. ఈసారి పైనుంచే నిజం రాయడం మొదలుపెట్టు.

ఇప్పుడు సాయిరా తనే ప్రకటన వేసింది. పేరు చాంద్‌బీ, ఊరు ఉదయగిరి, ఫొటోలో నా చేతులు. నిన్న నెల్లూరు నుంచి ఒక హోటలాయన ఫోన్ చేశాడు. జుట్టు గురించి అడగలేదు, బండి గురించి అడగలేదు. చెంచాలు కావాలన్నాడు. పాకలో ఎవరూ నమ్మలేదు.

దీవెనలతో,
చాంద్‌బీ

తా.క.: పొద్దున రామనారాయణ గారు ఫోన్ చేశాడు. సాయిరా వేసిన ప్రకటన చూశాడట, తమ ఆఫీసు లేకుండానే మేం పైన ఎట్లా కనబడుతున్నామో చెప్పమంటాడు. తెలుగు కోసం ఒకటి నొక్కమని చెప్పి, ఫోన్ చాప మీద పెట్టి పనిలో కూర్చున్నాను. చాలాసేపు నొక్కుతూనే ఉన్నాడు.