బతికున్న అత్త గోడెక్కింది

నవంబరు 4

తగిలించేశాను. విరుదునగరం గ్యాలరీలో, ఎదురు గోడ మీదే. ఆఫీసరు తలుపు వెనక మూల చూపించాడు — "పెద్ద బొమ్మ కదమ్మా, అక్కడైతే అడ్డం ఉండదు." అడ్డంగా ఉండాలనే గీశాను సార్, అన్నాను. స్టూలెక్కి మేకు నేనే కొట్టుకున్నాను.

నెలాఖరు దాకా ప్రదర్శన. ఆ తర్వాత ఇంకెవరివో వస్తాయి. చాలు. బడిలో ఇన్నేళ్ళూ పిల్లలచేత మామిడికాయ, కుండ గీయించాను. ఇది నాది.

పుదూరు చేలో మా అత్త, నాన్న తోడబుట్టింది. మేకలు పడ్డాయి, ఎవరినో తిడుతోంది. నోరు బార్లా తెరిచి, చెయ్యెత్తి. గీస్తానత్తా అంటే, "గియ్యి. పల్లు లేవని నోరు మూసి మాత్రం గియ్యొద్దు" అంది.

అన్నకు చెప్పలేదు. ఈ డైరీ బల్ల మీదే పడేసి పోవచ్చు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, కానీ చదివింది తమిళ బళ్ళలో; తెలుగు చదవడం నాకు తప్ప ఒక్కరికీ రాదు.

నవంబరు 5

ప్రారంభం. ముఖ్య అతిథికి మెడలో దండలు ఎక్కువయ్యాయి. ఒకటి తీసి అత్త బొమ్మకు వేశాడు. భక్తిగా దణ్ణం కూడా! వెనకాలే అందరూ చేతులు జోడించారు. "బతికే ఉంది సార్, మినుము చేలో కలుపు తీస్తోంది..." మైకు గోలలో నా మాట ఎవరికి వినబడుతుంది. ఆయన అటు తిరగ్గానే పీకేశాను. ఈలోపే ఫొటోలు తీసేశారు.

నవంబరు 6

తమిళ పేపర్లో అత్త, దండతో.

ఒట్టపిడారం చుట్టాలు అన్నకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. అన్న అత్తకు చేస్తే ఎత్తదు. చేలోకి ఫోనెప్పుడు తీసుకుపోయింది గనక. నాదేమో బడిలో, సంచిలో. ఇక నమ్మేశాడు. చచ్చిన ఆడపడుచుకు పుట్టింటివాళ్ళే కొత్త చీర కప్పాలి కదా — ఆ చీర కొని, వదినను కారెక్కించుకుని, పుదూరు పరుగు.

తర్వాత జరిగింది వదినే చెప్పింది. ఏడుస్తూ గట్టు మీదికి పోయారట. అత్త కలుపు మధ్యలోంచి లేచి నిలబడిందట.

"ఎవురు సచ్చినార్రా?"

అన్న చేతిలో చీర.

"నాకు దెచ్చినావు గదా. ఈడ పెట్టిపో."

చెప్తూ చెప్తూ వదిన నవ్వేసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఈ ఇంటికొచ్చాక ఆవిడ అంతలా నవ్వడం నేను చూడలేదు.

నవంబరు 7

అన్నతో యుద్ధం.

"ఆ పడం దించు. బతికుండే మనిసికి మాల పడితే ఆయుసు తక్కువ. ఊర్లో మానం పోయింది నాకు."

దండ వేసింది నేనా? అయినా పోయింది అత్త ఆయుష్షా, నీ పరువా?

హాలు చూపించాను. తాత, పెద్దతాత, నాన్న — కుర్చీల్లో, మీసాలతో, బతికుండగా దర్జాగా తీయించుకున్నవే. ఆడవాళ్ళలో అమ్మ ఒక్కతే. అదీ పోయాక, ఏదో కార్డు మీద ఫొటో పెద్దది చేయించి. నాన్నను కన్న జేజికి అదీ లేదు. మా ఇంట్లో ఆడది గోడెక్కాలంటే చావాలి. దించను. ఛస్తే దించను.

అన్నం తినకుండా లేచాడు. మానెయ్యనీ.

నవంబరు 8

ఒళ్ళు మండుతోంది ఇంకా.

నవంబరు 10

ఆఫీసరు ఫోను. అన్న, ఇద్దరు ఊరి పెద్దలు వచ్చి ఫిర్యాదు చేసి పోయారట. "ఎందుకమ్మా తగువు. దాని చోట సూర్యాస్తమయం లాంటిదేమైనా ఉంటే..."

లేదు. నా దగ్గర సూర్యుడే లేడు.

"అయితే ఆవిడే వచ్చి తనకిష్టమని చెప్పాలి. లేకపోతే దించేస్తాను."

అత్తకు చేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కలుపుకొచ్చే ఆడోల్లు నా మొగం జూసి మాట్లాడేది లేదు, మాల పడిన మనిసంట. బయమేం లేదు పాపా... నిద్దర రాలే."

అన్నతో ఎంతైనా పోట్లాడతాను, అత్త బెంగతో ఎలా పోట్లాడను? నీకిష్టం లేకపోతే చెప్పత్తా, ఇప్పుడే పోయి దించుకొస్తాను, అన్నాను.

"బస్సు ఎన్నింటికి?"

నవంబరు 12

వచ్చింది. ఆ చీరే కట్టుకుని! పీనుగ మీద కప్పాలని తెచ్చిన చీర. ఇదేంటత్తా అంటే, "మంచి నేత. సుమ్మా, ఊరికే కాల్చేదానికా?"

బొమ్మ ముందు నిలబడింది. జనం బొమ్మనూ ఆవిడనూ మార్చి మార్చి చూసి వెనక్కి జరిగారు. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. అత్త కళ్ళల్లో నీళ్ళు. తుడుచుకోలేదు.

ఆఫీసరుకు తమిళంలో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. అది నేనే. ఉండనీ.

ఆయన నసిగాడు. పెద్దలు రేపు మళ్ళీ వస్తారట, పదింటికి అందరినీ కూర్చోబెట్టి తేలుస్తాడట. ఏం తేల్చాలి? ఈవిడ బతికుందా లేదా అనా?

అత్తను కోవిల్‌పట్టికి, మా ఇంటికే తీసుకొచ్చాను. అన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నవంబరు 13, పొద్దున

అత్త ఇడ్లీ తింటూ అన్నకు వినబడేలా — "దించితే ఆ గోడకానుకోని నేనే కూసుంటా. అప్పుడు నన్ను దించు, జూద్దాం."

అన్న పేపరు తిప్పాడు.

చెప్పులు వేసుకుంటుంటే వదిన వంటింట్లోంచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని హాలు మధ్యలో, అన్నకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"నన్ను గియ్యి."

ఇప్పుడా వదినా? బస్సు...

"ఇప్పుడే. ఈయన జూస్తా ఉండగానే."

అన్న పేపరు దించాడు.

పదింటికి అక్కడ లేకపోతే ఆ పెద్దలు ఏం చేయిస్తారో... అత్త గుమ్మంలో చెప్పులు విప్పేసి లోపలికొచ్చింది. "కాసుకోని కూసోనీలే వాల్లు."

వదిన కదలడం లేదు. పెన్సిలు చెక్కుతున్నాను.