నాలుగో మెట్టు

పెద్దమ్మా,

ఫిజియోథెరపీ కాలేజీ ఇంటర్వ్యూ అయిపోయింది. బట్టీపట్టిన జవాబు ఒక్కటీ అక్కరకు రాలేదు. "ఎవరినైనా నడిపించావా?" అని అడిగారు ప్రిన్సిపల్ మేడమ్. నీ గురించే చెప్పాను. మోకాలి ఆపరేషన్ తర్వాత మా ఇంట్లో ఉన్న రెండు నెలలూ గదిలో బాగానే నడిచేదానివనీ, కిందికి దిగేటప్పుడు మాత్రం నాలుగో మెట్టు మీద ఆగి, "రేపు చూద్దాంలేవే" అంటూ వెనక్కి తిరిగేదానివనీ.

"ఎందుకని?" అన్నారు.

"నొప్పండీ."

"ఆవిడ చెప్పారా, నువ్వనుకున్నావా?"

నీ మోకాలు ఎంత వంగుతోందో రోజూ కొలిచాను గానీ, ఈ ఒక్క ముక్క నిన్ను అడగనే లేదు. "నేనే అనుకున్నానండీ" అన్నాను. ఆవిడ ఏదో రాసుకున్నారు. సీటు సంగతి శుక్రవారం తెలుస్తుంది.

ఇంటికి రాగానే వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చున్నాను. పై మెట్ల మీంచి కనిపించని దర్జీ కొట్టు అక్కడినుంచి ఎదురుగా కనిపించింది. అంటే అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ మనమూ కనిపిస్తాం. చేతికర్రతో దిగుతుంటే చూస్తారనే కదా నువ్వు...

ఇదిగో, మళ్ళీ నేనే అనేసుకుంటున్నాను. శుక్రవారం ఏమైనా కానీ, నువ్వు చెప్పు పెద్దమ్మా, అక్కడ ఎందుకు ఆగేదానివి?

నీ చెల్లెలి కూతురు