ఇత్తడి రివాల్వర్‌లో నిండు మందు

ఫిబ్రవరి 2014, శనివారం రాత్రి
పాపకూరలో మా అద్దె ఫ్లాట్

ఈరోజు షూటింగ్ క్లబ్‌లో బ్రయాన్ అంకుల్ తన పాతకాలపు రివాల్వర్ నా చేతికిచ్చాడు. తుపాకి మందు తక్కువే పోసి, పైన రవ్వ నింపి, అప్పుడు గుండు కూర్చమన్నాడు. మన ఉప్మా రవ్వే!

"చట్రం ఇత్తడిది, మేట్. నిండు మందుకి ఆగదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నేను చదివిన విప్లవ కరపత్రాల్లో తిరగబడ్డవాళ్ళెవరూ రవ్వ కొలుచుకుంటూ కూర్చోలేదు. ఆయన అటు తిరగగానే గుండ్లు కూర్చే చక్రంలో అన్ని గదుల్లోనూ నిండా మందే పోశాను. పేలుతుంటే భుజం దాకా అదిరింది. పక్కన నా రూమ్మేట్ పవన్ ఈల వేశాడు.

తుడిచేటప్పుడు చూశాను. ఆ చక్రానికీ తుపాకి గొట్టానికీ మధ్య పొద్దున కాగితం దూరేంత సందే ఉంది. ఇప్పుడు గోరు దూరుతోంది. చక్రం ఊగుతోంది కూడా. ఇత్తడి చట్రం సాగిపోయింది. ఏమీ అనకుండా పెట్టెలో పెట్టి ఇచ్చేశాను. చెబితే ఆయన రవ్వే గెలిచినట్టు.

రేపు పొద్దున అదే రివాల్వర్‌తో పవన్ కాలుస్తాడు. ఇందాక ఫ్లాట్‌కి వచ్చాక వంటింట్లో వాడితో అన్నాను, "నువ్వు మాత్రం రవ్వ వేసుకోరా."

"పోరా! నువ్వేమో నిండా దట్టించి పేల్చావు, నాకు ఉప్మానా?" అని నవ్వాడు.

సందు సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. నేనేం చెప్పినా నమ్మేది వాడొక్కడే. ఆ కరపత్రాలు వాడికిచ్చిందీ నేనే.

గోడ అవతల వాడు ఇంకా పడుకోలేదు. నోటితోనే ఢాం, ఢాం అంటున్నాడు. లేచి తలుపు కొట్టాలి. ఇంకొక్కసారి ఢాం అంటే వెళ్తాను...