నువ్వు పేరు పెట్టని రికార్డు

బావా,

పొద్దుటి నుంచి వాన. ఖనిజం తడిసిందని ఓడలోకి ఎక్కించడం ఆపేశారు. నువ్వు పోయి ఏడాదైంది కదా, వన్ టౌన్‌లో మీ ఇంటికి, చెల్లిని చూడటానికి వెళ్లాను. మధ్యాహ్నం పోర్టు గుమస్తా ఒక జపాను ఓడ ఇంజనీరును వెంటబెట్టుకొచ్చాడు. గిటార్లు గీరుతూ కుర్రాళ్లు అరిచే ఆ పాత రికార్డులు, నువ్వు నావికుల దగ్గర పోగుచేసినవి, ఇప్పుడు వాళ్ల దేశంలోనే దొరకడం లేదట, కొనుక్కుంటాడట.

ఇంజనీరు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. జపాను అక్షరాలు రాక, ప్రతి రికార్డు మీదా నువ్వే సిరాతో ఒక పేరు రాసేవాడివి. 'పెళ్లాం తిట్లు' అన్నది చదివి గుమస్తా నవ్వాడు.

"రాతలున్నియి ఈయనకొద్దంట," అన్నాడు.

రాయనిది ఒక్కటే ఉంది. నువ్వు పోవడానికి రెండు రోజుల ముందు తెచ్చినది.

"అట్టుకెల్లమను అన్నియ్యా. పేరెట్టే మనిసే లేడు, నానేటి సేసుకుంటాను?" అంది చెల్లి.

నా జేబులో కలం ఉంది. ఒక్క మాట రాస్తే ఆయన దాన్నీ వదిలేసేవాడు. మూత కూడా తీశాను. నువ్వయితే ఏం రాసేవాడివో తోచలేదు.

ఐదు గంటలకు, వానలోనే, ఇంజనీరు దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.